ఒంటి ఫ్యానా, మూడు ఫ్యాన్లా

గారె తిరుగుతూనే ఉంది. అది గారె కాదు, కార్డు ఓపికకు పెట్టిన పరీక్ష అని కొట్టు యజమాని జయప్రకాశ్ విడమర్చి చెప్పాడు గానీ, నడుమ చిల్లి పెట్టి, ఒళ్ళంతా బొచ్చు మొలిపించి, తెర మీద గిరగిరా తిప్పుతుంటే భద్రయ్య కంటికి మాత్రం గారెగానే ఆనుతోంది. ఒక్కో వెంట్రుకనూ విడివిడిగా గీయాలట, గీసింది చెరిపి మళ్ళీ గీయాలట, సెకనుకు అరవై మాట్లు. కంప్యూటర్లో మనిషైనా బస్సైనా కదిలినట్టు కనబడాలంటే ఆ గీతలన్నీ గీసేది గ్రాఫిక్స్ కార్డే, దాన్ని చూసి కొనాలి, మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు అని పోయిన నెల ఇదే కొట్టులో తెలుసుకున్నాడు. ఇప్పుడు చెమటోడుస్తున్నది మూడు ఫ్యాన్ల పాత కార్డు. ఖమ్మంలో మూతబడిన ఏదో గేమింగ్ సెంటరు నుంచి వచ్చిందట. గంటసేపు గారెను తిప్పి, తెర వణక్కుండా, మచ్చలు పడకుండా, మిషను నిలిచిపోకుండా ఉంటే అది భద్రయ్యది. కాదంటే పక్కన అట్టపెట్టెలో సీలు కూడా విప్పకుండా కూర్చున్న ఒంటి ఫ్యాన్ కొత్త కార్డు ఉండనే ఉంది. రెండూ ఇంచుమించు ఒకటే ధర, రెండూ భార్య చిన్నక్క గీసిన గీతకు లోపలే. ఆ గీత దాటే ధైర్యం భద్రయ్యకు సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రాలేదు, రిటైరయ్యాక కొత్తగా వస్తుందన్న ఆశ కూడా లేదు. జయప్రకాశ్ కొరియరు ఆఫీసుకు పోతూ, "బాబాయ్, నేను వచ్చేదాకా దీన్ని ముట్టుకోకండి, దాని మానాన దాన్ని తిరగనివ్వండి" అని మరీ మరీ చెప్పి బండెక్కాడు. కల్లూరు మనిషి, తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, కొట్టు మెట్టెక్కినవాళ్ళనల్లా బాబాయ్, పిన్నీ అని వరస కలిపేస్తాడు. ముట్టుకోవడానికి ఏముంది, చూస్తూ కూర్చోవడమే కదా అనుకున్నాడు భద్రయ్య.

ఉత్తినే కూర్చోవడం అంత తేలిక కాదని కాసేపట్లోనే తెలిసొచ్చింది. సర్వీసంతా కూర్చునే పనే చేశాడు, నిజమే, కానీ ఆ కూర్చోవడంలో రెండు చేతులకూ రెండు కాళ్ళకూ తెరిపి ఉండేది కాదు. భద్రాచలం నుంచి చర్ల దాకా, ఆ పైన వెంకటాపురం దాకా, దారి పొడవునా ఏ మలుపు దగ్గర ఎద్దు అడ్డం పడుకుంటుందో, ఏ గుంపు ఇళ్ళ ముందర కోళ్ళు రోడ్డు దాటుతాయో కాళ్ళకే తెలిసేది, బుర్రను అడగాల్సిన పని లేదు. ఇప్పుడు ఒడిలో గోనెసంచి, సంచిలో ప్లాస్టిక్ స్టీరింగు. కూతురు పుష్పలత ఖమ్మంలో స్టాఫ్ నర్సు. తండ్రి రిటైరైన రోజు దాన్ని రంగు కాగితంలో చుట్టి చేతికిచ్చింది. కంప్యూటరుకు తగిలించి బస్సు ఆట ఆడుకోవచ్చు నాయినా అంది. ఇంట్లో కంప్యూటరు లేదు. అలా ముందు స్టీరింగు వచ్చింది, దానికోసం బస్సు కొనాల్సి వచ్చింది. వచ్చిన స్టీరింగు ఏడాదిగా నడవలో చిలక్కొయ్యకు జల్లెడ పక్కన వేలాడింది. వచ్చేపోయేవాళ్ళు అదేమిటని అడిగితే చిన్నక్క "మా ఆయన బస్సుది, బస్సు ఎనకొస్తది" అని చెప్పేది. నవ్వకుండా చెప్పేది, అందుకని వాళ్ళు నమ్మేవాళ్ళు.

అద్దాల తలుపు అవతల మెట్టు మీద చిన్నక్క వీపు కనబడుతోంది. పక్కన పుచ్చకాయ ముక్కలు అమ్ముకునే సైదమ్మతో అప్పుడే చుట్టరికం కలిసినట్టుంది, ఇద్దరూ ఒకే గొడుగు కింద కూర్చుని కొత్తగూడెం ఎండను తిడుతున్నారు. చిన్నక్క ఎడమ చేతిలో నిమ్మకాయ. పొద్దున ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి అది ఆ చేతిని వదల్లేదు. ట్రాలీ ఆటో వెనక, గాలి మొహానికి కొట్టేచోట నిలబడి వచ్చింది కాబట్టి ఫరవాలేదు, కడుపులోది కడుపులోనే ఉంది. భద్రయ్య మాత్రం ముందు సీట్లో, డ్రైవరు పగిడయ్య పక్కన కూర్చుని నరకం చూశాడు. పగిడయ్య క్లచ్ మీద పెట్టిన కాలు కొత్తగూడెం వచ్చేదాకా తీయలేదు. గేరు మార్చినప్పుడల్లా భద్రయ్య పళ్ళు కరకరలాడాయి. చుట్టం కాబట్టి ఊరుకున్నాడు. వాడు రేకులు ఎక్కించుకుని వచ్చి హారన్ కొట్టేసరికి ఈ యవ్వారం తేలాలి, ఎందుకంటే చిన్నక్క ఇంటికి పోవాలంటే ఆ ట్రాలీ వెనక భాగం తప్ప మరో బండి లేదు.

మూడు ఫ్యాన్లూ ఒక్క గొంతుతో మోగుతున్నాయి. భద్రయ్య చెవి ఒగ్గి విన్నాడు. బాగానే లాగుతోంది, రొప్పడం లేదు, నడుమ ఫ్యాను మాత్రం ఉండుండి కీచుమంటోంది. మొదటిసారి వచ్చినప్పుడు ఇదే కొట్టులో, ఈ కార్డు కేఎంపీఎల్ ఎంత అని అడిగాడు. జయప్రకాశ్ బిక్కమొహం వేశాడు. లీటరు డీజిలుకు బండి ఎన్ని కిలోమీటర్లు లాగిందన్నదే కేఎంపీఎల్, ఆర్టీసీ డ్రైవరుకు అంతకు మించిన జాతకం లేదు. డిపో గోడ మీద బోర్డులో నెలనెలా పేర్లు ఎక్కేవి, భద్రయ్య పేరు పైనుంచి చూసినవాళ్ళకే కనబడేది. బహుమతిగా వచ్చిన స్టీలు డబ్బాలు ఇంట్లో ఎన్ని ఉన్నాయంటే చిన్నక్క ఎండుమిరపకాయలకొకటి, విప్పపువ్వుకొకటి, పెసలకొకటి అని పంచిపెట్టింది. అదంతా చెప్పుకొచ్చాక జయప్రకాశ్ తల గోక్కుని, దీనికి డీజిలంటే కరెంటు బాబాయ్, వాట్లు చూడాలి అన్నాడు. చూస్తే మూడు ఫ్యాన్ల కార్డు ఒంటి ఫ్యాన్ దానికి మూడింతలు తాగుతుంది. దానికి విడిగా లావాటి వైరు తగిలించి పోయాలి. ఒంటి ఫ్యానుకు వైరే లేదు, గుచ్చిన చోటి నుంచే ఇంత తాగి సరిపెట్టుకుంటుంది. సర్వీసులో ఉన్న భద్రయ్య అయితే ఆ క్షణమే ఒంటి ఫ్యాను చంకన పెట్టుకుని ఇంటికి పోయేవాడు.

పైగా తమ ఊరు చింతగుంపులో కరెంటు సంగతి కొత్తగా చెప్పేదేముంది. లైను చివరి ఊరు. పొలాల్లో మోటార్లు వేసే వేళకు నడవలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు, బల్బు వెలుగుతోందో లేదో దగ్గరికి పోయి చూడాలి. గాలి వీస్తే పోతుంది, మబ్బు పడితే పోతుంది, ఏమీ లేకపోయినా ఓసారి పోయి వస్తుంది. ఆ ఇంట్లో ఇంత తాగే కార్డును కట్టేసి మేపడం తెలివైన పనేనా? కానీ వాట్లు వేరు, కడుపు వేరు. ఇక్కడ గొడవంతా చిన్నక్క కడుపుతో.

బస్సు డ్రైవరు పెళ్ళానికి బస్సు పడదు. ఈ ముక్క డిపోలో తెలిసినప్పుడు నవ్వనివాడు లేడు. ఎక్కిన చోటు నుంచి మొదటి కల్వర్టు దాటేలోపే ఆమె మొహం పాలిపోతుంది, రెండో కల్వర్టు దగ్గర దించెయ్యాలి. చింతపండు గంప నెత్తిన పెట్టుకుని సంతకు నడిచే పోయేది. ఆ దారిలోనే భద్రయ్య బస్సు ఆమెను దాటుకుని పోయేది. చెట్ల మధ్య రోడ్డు వార ఆ నడక దూరం నుంచే పోల్చుకునేవాడు, దగ్గరికి రాగానే పొట్టిగా రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఆమె వెనక్కి తిరిగేది కాదు. చెయ్యి మాత్రం ఇలా పైకి లేచేది. అంతే, దుమ్ములో కలిసిపోయేది. పెళ్ళికి ముందూ అదే, పెళ్ళయ్యాకా అదే, పుష్పలత పుట్టి చంకకెక్కాక ఇంకో చిన్న చెయ్యి కూడా లేచేది. కండక్టర్లు మారారు, బస్సు రంగులు మారాయి, మట్టిరోడ్డు తారురోడ్డయింది, ఆ రెండు హారన్లు మారలేదు. ఊళ్ళవాళ్ళందరినీ సంతకు, దవాఖానాకు, కోర్టుకు, పెళ్ళిళ్ళకు మోసినవాడు, సొంత పెళ్ళాన్ని మాత్రం ఏ రోజూ తన వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఒక్క పూర్తి ట్రిప్పు కొట్టలేకపోయాడు. దీనికి ఎవరూ ఏమీ చెయ్యలేరు, కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ దొరకరు.

ఆఖరి డ్యూటీ నాడైనా ఆ ఒక్క ట్రిప్పు దొరక్కపోతుందా అనుకున్నాడు. డిపోలో ఆనవాయితీ ఉంది, రిటైరయ్యే డ్రైవరు చివరి ట్రిప్పుకు బండిని పూలతో కట్టి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిప్పుతారు. బంతిపూల దండలు అద్దం మీదికి జారి దారి కనబడకుండా చేశాయి. చిన్నక్క కొత్త చీర కట్టుకుని, నిమ్మకాయ పట్టుకుని, ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. బండి కదిలింది. భద్రయ్య అంత మెత్తగా ఏనాడూ తోలలేదు, గేరు పడిన సంగతి బండికి కూడా తెలియకుండా తోలాడు. మొదటి కల్వర్టు దాటింది. అద్దంలో ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. రెండోది రాకముందే భుజం మీద వేలు తగిలింది. దిగి, కట్ట మీద వంగి, వెనక్కి చూడకుండా పొమ్మని చెయ్యి ఊపింది. కూతురూ అల్లుడూ బస్సులోనే ఉన్నారు, కండక్టరు ఈల వేశాడు, జనం కేకలు వేశారు, భద్రయ్య రెండుసార్లు హారన్ కొట్టి పోయాడు. వెనక సీటు ఖాళీగా వచ్చింది. ఆ రోజు ఆయనకు ఏడుపొచ్చింది. దండలు వేసిన వాళ్ళంతా ఉద్యోగం పోతోందని ఏడుస్తున్నాడనుకున్నారు, అనుకోనీ అని ఊరుకున్నాడు.

గారె రంగు మారిందా? లేదు, తెర మీద తలుపు వెలుగు పడింది. ఓ ఆడమనిషి వచ్చి ఫోను కవర్లు ఉన్నాయా అని అడిగి, సారు లేడంటే పోయింది. తెర మూలన డిగ్రీల అంకె కాసేపు ఎక్కి ఒకచోట నిలబడింది, రేడియేటరు ముల్లు నడిమికి వచ్చి కుదురుకున్నట్టు. మంచిదే. ఇది మంచిదే అయితే బాగుండును. ఎందుకంటే పోయిన దసరాకు అల్లుడు రాజేష్ తన లాప్‌టాప్ తెచ్చి నడవలో మంచం మీద పెట్టి బస్సు ఆట చూపించాడు. ఎవరో పుణ్యాత్ముడు ఆ ఆటలోకి మన బస్సు బొమ్మనే ఎక్కించి పెట్టాడు, అదే ముక్కు, అదే గంట తాడు. చిన్నక్కను పిలిచి పక్కన కూర్చోబెట్టాడు. ఇల్లు కదలదు, మంచం కదలదు, డీజిలు వాసన రాదు, ఇంకేం భయం అనుకున్నాడు. తీరా బండి కదిలాక తెర మీద రోడ్డు తడబడుతూ, ఆగి ఆగి, ఉన్నట్టుండి గెంతుతూ వచ్చింది. లాప్‌టాప్‌కు గీసే శక్తి లేదు మామా, అందుకే దడదడలాడుతోంది అని రాజేష్ అంటూనే ఉన్నాడు, చిన్నక్క లేచి పెరట్లోకి పరిగెత్తింది. మొహం కడుక్కుని వచ్చి, "గీ బస్సు గూడ గంతేనా" అంది. ఆ గొంతులో ఆశాభంగం భద్రయ్య విన్నాడు. తనకొక్కడికే కాదు, ఈ కోరిక ఆమెకూ ఉందని అంతదాకా ఆయనకు తెలియదు.

అప్పటి నుంచి పట్టుకుంది ఈ పిచ్చి. బొమ్మ తడబడకుండా నూనెలా జారిపోవాలి, అప్పుడు కళ్ళు తిరగవు అని పుష్పలత నర్సు లెక్కన చెప్పింది. జారాలంటే కార్డు గట్టిది కావాలి. గట్టిదంటే మూడు ఫ్యాన్లది, కానీ పాతది, కరెంటు తాగేది. ఒంటి ఫ్యాను కొత్తది, తక్కువ తాగేది, కానీ అన్ని చెట్లూ గీయగలదో లేదో. అడవి రోడ్డు కదా, చెట్లే ఎక్కువ. ఒక్కో ఆకూ గీయాలంటే పాపం ఆ ఒక్క ఫ్యాను ఏం విసురుకుంటుంది. మళ్ళీ కల్వర్టు దగ్గరే చిన్నక్క దిగిపోతే? మంచం మీద కూర్చున్న మనిషి కూడా దిగిపోతే ఇంక ఎక్కించుకోవడానికి భద్రయ్య దగ్గర మరో బస్సు లేదు. అందుకే మూడు ఫ్యాన్లదే, కరెంటు సంగతి తర్వాత, ఉడకబోత వచ్చినా సరే, కేఎంపీఎల్ బోర్డు మీద పేరు కొట్టేసినా సరే. తిరుగు తల్లీ, తిరుగు. ఇంకెంతసేపో లేదు.

ఎండ మెట్ల మీదికి వచ్చింది, గొడుగు జరిగింది. మూడు ఫ్యాన్ల మోత కొట్టంతా నిండి, నిండి, అది ఇక కొట్టులా లేదు. చర్ల బస్టాండు మధ్యాహ్నం. ప్లాట్‌ఫారం మీద బండి, కంట్రోలరు గది కిటికీలో నుంచి రేడియో, అరటిపళ్ళ గంప పట్టుకుని కిటికీ కిటికీకీ తిరిగే చాంది, టీ తాగడానికి పోయిన కండక్టరు కోటేష్ ఇంకా రాడు, వాడు టీ తాగితే పళ్ళెం కూడా తాగుతాడు. వెనకాల ఎవరిదో మేకపిల్ల సీటు కింద అరుస్తోంది. బండి ఉత్తినే మోగుతోంది. ఎవరు వదిలేశారు ఇలా ఇంజను? ఆగిన బండికి ఇంజను నడవడమంటే డీజిలు నేల మీద పోయడమే, గోడ మీద ఇంతలేసి అక్షరాలతో రాయించారు కదా. ఎక్కడో ఒక్క ఈల మోగింది, బండి ఆపమన్న ఈల. నిజంగానే మోగింది, కొట్టు ముందు ఖమ్మం బస్సు ఆగి జనాన్ని దించుతోంది. ఆ ఈల చెవిన పడటమూ, భద్రయ్య కుడి చెయ్యి సాగడమూ, వేలు మీట మీద పడటమూ, టక్కున నొక్కడమూ అన్నీ ఒక్కసారే జరిగిపోయాయి.

మోత ఆగింది. అబ్బ, ఎంత హాయిగా ఉందో అనుకున్నాడు భద్రయ్య, ఒక్క క్షణం.

తరువాతి క్షణం తెర నల్లగా ఉంది. గారె లేదు. గంటలో ముప్పాతిక భాగం తిరిగిన గారెను తన చేత్తో తనే ఆర్పేశాడు. సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేని మనిషి, కుర్చీలో కూర్చుని ఇంత పని చేశాడు. గబగబా అదే మీట మళ్ళీ నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున లేచాయి, లోపల దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. ఆపాడు, వేశాడు. ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ రాదు. చంపేశాను, పరాయివాడి సొమ్మును చంపేశాను అనుకున్నాడు. తలుపు అవతల చిన్నక్క పుచ్చకాయ గింజలు ఊస్తూ నవ్వుతోంది. ఆమెకు ఇప్పుడేం చెప్పాలి? ఈల వినబడింది అని చెబితే నమ్ముతుంది, అదే సిగ్గు.

జయప్రకాశ్ వచ్చేసరికి భద్రయ్య చేతులు కట్టుకుని డిపో మేనేజరు ముందు నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. "తమ్మీ, నేనే బంద్ చేసిన. బండి ఉత్తగ నడుస్తుందనుకున్న. అలవాటు. దీని కర్సు నేనే పెట్టుకుంట" అన్నాడు. జయప్రకాశ్ ముందు అర్థం కాక చూశాడు, అర్థమయ్యాక కుర్చీ వెనక్కి వాలి, కళ్ళ నీళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. నవ్వుతూనే మీట వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి, బొమ్మ రాలేదు. నవ్వు తగ్గింది. పక్కన కూలరును దానివైపు తిప్పి, ఇద్దరూ టీ తెప్పించుకుని, టీ అయ్యాక మళ్ళీ వేశాడు. వచ్చింది. కాసేపు గారెను తిప్పి వేడెక్కించి, ఆపి, వెంటనే వేశాడు. రాలేదు. చల్లారితే వస్తుంది, వేడి మీద రాదు. "ఇదెవడో లోపల అతుకులేసి అమ్మాడు బాబాయ్, నాకూ తెలీదు. గంట కాదు, రోజంతా తిప్పినా బయటపడేది కాదు. ఆపితే కదా తెలిసేది" అన్నాడు. ఆపకుండా ఇంటికి తీసుకుపోయి ఉంటే? చింతగుంపులో ఆపడానికి ఎవరూ అక్కర్లేదు, కరెంటే ఆపుతుంది, రోజుకు ఎన్నిసార్లయినా. మొదటి రోజే మధ్య దారిలో నల్లబడి, మళ్ళీ సెల్ఫ్ కొడితే అందుకోకుండా, చిన్నక్కను అడవిలో దించేసి ఉండేది. భద్రయ్యకు భయం పోయింది గానీ బరువు పోలేదు. మూడు ఫ్యాన్లది పోయిందంటే ఒంటి ఫ్యానుదే గతి. చిన్నదాన్ని నమ్మి పెద్ద దారి పోవాలి.

జయప్రకాశ్ సీలు విప్పాడు. కార్డు అరచెయ్యంత ఉంది, గుచ్చితే టక్కుమని కూర్చుంది, వైరు అడగలేదు. గోనెసంచిలోని స్టీరింగు తగిలించి బస్సు ఆట ఎక్కించాడు, ఫోనులో పుష్పలత పంపిన బస్సు బొమ్మనూ ఎక్కించాడు. నడిపి చూస్తే లాప్‌టాప్ కంటే నయం, కానీ మలుపు తిరిగినప్పుడు, చెట్లు గుబురైనప్పుడు, చిన్నగా తడబడింది. ఫరవాలేదు బాబాయ్, కొన్ని తగ్గించుకుంటే జారిపోతుంది, అన్నిటికంటే బరువు ఈ అద్దాలు, వెనక దారినంతా మళ్ళీ గీయాలి కదా, తీసేద్దామా అన్నాడు జయప్రకాశ్. భద్రయ్య అతని చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "అద్దాలు తియ్యొద్దు. అద్దాల్లేని బండి నేను ముట్ట" అన్నాడు. అద్దంలోనే కదా వెనక సీటు కనబడేది. పోనీ చెట్లు? చెట్లు తీస్తే చిన్నక్క ఇది ఏ దారని అడుగుతుంది. ఆమెకు దారంటే చెట్లే, ఏ విప్ప ఎవరిదో, ఏ చింత ఎన్ని బుట్టలు కాస్తుందో చూసుకుంటూ నడిచిన మనిషి. చివరికి బేరం కుదిరింది. చెట్లు ఉంటాయి, వాటి నీడలు ఉండవు. దూరాన గుట్టలు కాస్త మసకగా ఉంటాయి, ఎలాగూ ఆ వయసు కళ్ళకు మసకగానే ఉంటాయి. వాన వద్దు. నీళ్ళలో మబ్బులు కనబడక్కర్లేదు. రోడ్డు మీద గడ్డి సగం చాలు, మేకలు మేశాయనుకుందాం. ఒక్కోటి వదులుకున్నకొద్దీ బండి తేలిక పడటం భద్రయ్య స్టీరింగు మీది వేళ్ళకే తెలిసింది. దుంగ దించేసిన ఎడ్లబండిలా ముందుకు పోతోంది. కానీ చెప్పాల్సింది వేళ్ళు కావు.

తలుపు తెరిచి చిన్నక్కను కూతురి పేరుతో పిలిచాడు. "పుష్పమ్మ తల్లీ, జర ఇట్ల రా."

చిన్నక్క లోపలికి వచ్చి తెరను చూసింది, ఆయన మొహం చూసింది, సంగతి అర్థమైంది. సైదమ్మ కూడా పుచ్చకాయ కత్తితో సహా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడింది. జయప్రకాశ్ స్టూలు తెచ్చి వేయబోతే చిన్నక్క వద్దంది, దాన్ని జరిపి సరిగ్గా భద్రయ్య వెనక, కొంచెం ఎడంగా వేసుకుని కూర్చుంది. ఎందుకో ఆమెకే తెలుసు. నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూయలేదు. "మెల్లగ" అంది. భద్రయ్య మెల్లగానే తీశాడు. బస్టాండు వెనక్కి పోయింది, ఊరు పోయింది, చెట్లు మొదలయ్యాయి. ఏ దేశం అడవో తెలియదు, ఆకులు కొంచెం ఎక్కువ పచ్చగా ఉన్నాయి. రోడ్డు మాత్రం జారిపోతోంది. కల్వర్టు వచ్చింది. అన్ని అడవుల్లోనూ కల్వర్టులు ఉంటాయి కాబోలు. భుజం మీద వేలు తగల్లేదు. రెండో కల్వర్టు కూడా దాటింది. వెనక్కి తిరిగి చూడాలని ఉంది, డ్రైవరు తిరగకూడదు, ఆటలో అద్దంలో ఖాళీ సీటు తప్ప ఆమె కనబడదు. వినడమే. ఆమె ఊపిరి మామూలుగా వస్తోంది. "గా చెట్టు ఇప్ప కాదు, ఇప్ప లెక్కనే ఉంది" అన్న మాట వినబడింది, తర్వాత కోయ భాషలో తనలో తను ఏదో అనుకుంది. బయట పగిడయ్య హారన్ కొడుతున్నాడు, రేకులు ఎక్కించుకుని వచ్చేసినట్టున్నాడు. సైదమ్మ వెనక్కి తిరిగి వాణ్ణి ఉండమంది.

మలుపు తిరిగాక రోడ్డు వార ఒక ఆడమనిషి నడుస్తోంది. ఆటలో జనం ఎక్కడెక్కడో నడుస్తుంటారు, ఎవరూ ఎవరికీ ఏమీ కారు. నెత్తిన గంప లేదు, చేతిలో సంచీ ఉంది. భద్రయ్య ఆలోచించలేదు. బొటనవేలు దానంతటదే మీట మీదికి పోయింది, పొట్టిగా రెండుసార్లు కొట్టింది. రోడ్డు మీది మనిషి తిరిగి చూడలేదు, చెయ్యీ ఎత్తలేదు, ఆమెకు ఆ సంగతులేం తెలుసు. భద్రయ్య వెనక మాత్రం గాజులు గల్లుమన్నాయి. చిన్నక్క చెయ్యి పైకి లేచింది. అందులోంచి నిమ్మకాయ జారి నేల మీద పడి, టేబులు కిందికి దొర్లుకుంటూ పోయి, పనికిరాని మూడు ఫ్యాన్ల కార్డు పెట్టె పక్కన ఆగింది. సైదమ్మ వంగి తీయబోయింది. చిన్నక్క అటు చూడనే లేదు.

ముందు స్టాపు బోర్డు కనబడుతోంది. పగిడయ్య హారన్ మళ్ళీ మోగింది. భద్రయ్య, కండక్టరు కోటేష్ అడిగినట్టే అడిగాడు.

"ఏడ దిగుతవమ్మా?"

"దిగ" అంది చిన్నక్క. "నువ్వు పోనియ్."